కలివి కోడి జాడ పట్టిన వాళ్లు

పక్షుల మీద పరిశోధన అంటే పట్నం చదువులు, ఖరీదైన బైనాక్యులర్లు ఉన్నవాళ్ల పని అని మనలో చాలామంది అనుకుంటారు. కడప జిల్లా లంకమల అడవిలోని కలివి కోడి కథ వింటే ఆ మాట మళ్లీ అనరు.

నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన జెర్డాన్ దొర వల్ల 1848లో ఈ పిట్ట సంగతి శాస్త్ర ప్రపంచానికి తెలిసింది. 1900లో అనంతపురం దగ్గర కనిపించింది. ఆ తర్వాత జాడ లేదు. సలీం అలీ అంతటివాడు వెతికినా దొరకలేదు. కారణం చిన్నదే: వెతికినవాళ్లు పగలు వెతికారు, అది రాత్రి తిరిగే పిట్ట!

1985లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ యువ పరిశోధకుడు భరత్ భూషణ్ ఈ ప్రాంతానికి వచ్చాడు. ఆయన చేసిన తెలివైన పని ఒకటుంది. పిట్ట బొమ్మ చేతబట్టుకుని ఊళ్లలో వేటగాళ్లను అడిగాడు. 1986 జనవరిలో ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రి వేటలో టార్చి వెలుగుకి కదలక నిలబడిపోయిన పిట్టను పట్టి తెచ్చాడు. 86 ఏళ్ల వెతుకులాట అలా తీరింది. పాపం, ఆ పిట్ట కొద్ది రోజులకే చనిపోయింది. పుస్తకాల్లో జెర్డాన్ పేరు పిట్టకే అంటుకుని ఉంది. ఐతన్న పేరు ఎంతమందికి తెలుసు?

ఆ తర్వాత 2000 ప్రాంతంలో పి. జెగనాథన్ అనే పరిశోధక విద్యార్థి ఈ పిట్ట నడవడిని, ఆవాసాన్ని అధ్యయనం చేశాడు. కంటికి కనిపించని పిట్టను ఎలా లెక్కించడం? పొదల మధ్య మెత్తని మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లారాక దాని మీద పడిన కాలి గుర్తులు కొలిచేవారు. అడుగు జాడ చూసి జంతువును చెప్పడం మన తాతలకు పుట్టుకతో వచ్చిన విద్యే కదా! అదే ఇక్కడ శాస్త్ర పద్ధతి అయింది. జాడ దగ్గర తనంతట తనే ఫొటో తీసే కెమెరా పెట్టి ఆ గుర్తు ఏ పిట్టదో నిర్ధారించారు. పొద్దుగుంకాక చీకట్లో కాసేపే వినిపించే దాని కూతను కూడా రికార్డు చేశారు.

ఆ పొదల్లోకి తెలుగుగంగ కాలువ తవ్వకం వచ్చినప్పుడు, పిట్ట అక్కడ బతుకుతోందని చూపడానికి ఆ మట్టి పట్టీల ఆధారాలు పనికొచ్చాయి. చివరికి కాలువ దారి మార్చారు.