సీహెచ్‌రూట్ బిల్డ్ పరిసరం

కంప్యూటర్‌లో రోజూ వాడుకునే వ్యవస్థను ముట్టుకోకుండా, ఒక డైరెక్టరీలో విడిగా అమర్చిన చిన్న ఆపరేటింగ్ సిస్టంలో సోర్స్ కోడ్‌ను కంపైల్ చేసి ప్యాకేజీ తయారుచేసే ఏర్పాటు ఇది. యూనిక్స్‌లోని సీహెచ్‌రూట్ అనే సిస్టం కాల్ నుంచి దీనికి ఈ పేరు వచ్చింది. డెబియన్, ఫెడోరా, ఆర్చ్ వంటి లినక్స్ పంపిణీలు తమ ప్యాకేజీలను ఇలాంటి విడి పరిసరాల్లోనే బిల్డ్ చేస్తాయి. చాలామంది దీన్ని భద్రతా సాధనమనుకుంటారు. దీని విలువ నిజానికి మరోచోట ఉంది. ఒక ప్రోగ్రాము తయారీకి ఏమేం కావాలో పూర్తిగా రాసి చెప్పక తప్పని పరిస్థితిని ఇది తెస్తుంది.

అవసరం

ప్రోగ్రామర్ల కంప్యూటర్లలో ఏళ్ల తరబడి పోగుపడిన లైబ్రరీలు ఉంటాయి. ఎప్పుడో ఏదో పనికి వేసుకున్నవి, తీసేయడం మరిచిపోయినవి, సొంతంగా కంపైల్ చేసి ఓ పక్కన పెట్టుకున్నవి. ఆటోకాన్ఫ్‌తో తయారైన కాన్ఫిగర్ స్క్రిప్టు బిల్డ్‌కు ముందు కంప్యూటర్‌లో ఏమున్నాయో వెతుకుతుంది. ఉంటే మేలు, లేకున్నా ఫర్వాలేదన్న లైబ్రరీ ఏదైనా కనబడితే చాలాసార్లు అడక్కుండానే కలిపేసుకుంటుంది. బిల్డ్ చక్కగా పూర్తవుతుంది. అదే ప్రోగ్రామును మరో కంప్యూటర్‌లో నడిపితే, ఫలానా షేర్డ్ లైబ్రరీ ఫైలు తెరవలేకపోయానని ఒక్క వరుస రాసి ఆగిపోతుంది. ప్యాకేజీ వివరాల్లో ఆ లైబ్రరీ పేరు లేదు గనుక దాన్ని ఎవరూ ఇన్‌స్టాల్ చేసి ఉండరు. రాసినవారి దగ్గర ఎన్నడూ కనబడని తప్పు వాడేవారి దగ్గర బయటపడుతుంది.

సీ లైబ్రరీ సంగతి ఇంకా చిక్కైనది. ఎక్కువ లినక్స్ పంపిణీల్లో ప్రోగ్రాములు గ్లిబ్‌సీ మీద ఆధారపడతాయి. గ్లిబ్‌సీ తన ఫంక్షన్లకు వెర్షన్ ముద్ర వేస్తుంది. 2021 ఆగస్టులో వచ్చిన గ్లిబ్‌సీ 2.34లో థ్రెడ్ల లైబ్రరీని ప్రధాన లైబ్రరీలో కలిపేశారు. ప్రోగ్రామును మొదలుపెట్టే ఫంక్షన్‌కు కూడా అప్పుడే కొత్త ముద్ర పడింది. దాంతో గ్లిబ్‌సీ 2.35 ఉన్న ఉబుంటు 22.04లో మామూలుగా కంపైల్ చేసిన ప్రోగ్రాము, తెరమీద ఒక్క పలకరింపు చూపించేదైనా సరే, గ్లిబ్‌సీ 2.31 ఉన్న డెబియన్ 11లో నడవదు. సోర్స్ కోడ్‌లో కొత్తది ఒక్క అక్షరం లేకపోయినా అంతే. పాత గ్లిబ్‌సీ మీద తయారైనది కొత్తదాని మీద నడుస్తుంది గానీ, కొత్తదాని మీద తయారైనది పాతదాని మీద నడుస్తుందన్న హామీ లేదు. అందువల్ల వాడేవారి కంప్యూటర్లలో అన్నిటికన్నా పాతది ఏదో చూసుకుని, దాని మీదే బిల్డ్ చేయాలి. అందుకోసం కంప్యూటర్ మొత్తాన్ని పాత వ్యవస్థకు మార్చక్కర్లేదు, ఆ వ్యవస్థ ఒక డైరెక్టరీలో ఉంటే సరిపోతుంది. పైథాన్ ప్యాకేజీలకు సంబంధించిన మెనీలినక్స్ 2014 ప్రమాణం గ్లిబ్‌సీ 2.17 ఉన్న సెంట్‌ఓఎస్ 7ను పునాదిగా తీసుకోవడం వెనక ఉన్నది ఈ లెక్కే.

పనిచేసే తీరు

సీహెచ్‌రూట్ 1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌లోనే ఉంది. ఫైళ్ల దారి ఎక్కడి నుంచి మొదలవుతుందో ప్రతి ప్రాసెస్‌కూ కెర్నెల్ విడిగా గుర్తుపెట్టుకుంటుంది. ఈ కాల్ ఆ గుర్తును మారుస్తుంది. అక్కణ్నుంచి ఆ ప్రాసెస్‌కూ, అది పుట్టించే ప్రాసెస్‌లకూ మనం చూపిన డైరెక్టరీయే రూట్ డైరెక్టరీ. కంపైలర్ కోసం వెతికినా, హెడర్ ఫైళ్ల కోసం వెతికినా అందులోవే దొరుకుతాయి. కెర్నెల్ మాత్రం బయటిదే.

డెబియన్‌లో అమరిక

మొదటి పనిముట్టు డీబూట్‌స్ట్రాప్. దానికి విడుదల పేరు, డైరెక్టరీ, ప్యాకేజీలు తెచ్చుకునే మిర్రర్ చిరునామా ఇవ్వాలి. డెబియన్ 11 కావాలంటే విడుదల పేరు బుల్‌సై. బిల్డ్ కోసమైతే బిల్డ్‌డీ అనే రకాన్ని ఎంచుకోవాలి. అప్పుడు కనీస వ్యవస్థతో పాటు జీసీసీ, మేక్, డీప్యాకేజ్ పనిముట్లు కూడా వస్తాయి. డీబూట్‌స్ట్రాప్ మొదట విడుదల ఫైలు మీది డిజిటల్ సంతకాన్ని సరిచూసి, ప్యాకేజీలను దించి, డైరెక్టరీలో విప్పి పరుస్తుంది. తర్వాత ఆ డైరెక్టరీ లోపలికి మారి, ప్యాకేజీలను వాటి వరుసలో కాన్ఫిగర్ చేస్తుంది. వేరే రకం ప్రాసెసర్ కోసమైతే ఈ రెండు దశలనూ విడదీసి, రెండోదాన్ని క్యూఎము అనే ఎమ్యులేటర్ సాయంతో నడిపించవచ్చు.

పరిసరం సిద్ధమయ్యాక ప్రాక్ ఫైల్ సిస్టంను లోపల మౌంట్ చేయాలి, లేదంటే ప్రాసెస్‌ల సమాచారం చదివే పనిముట్లు తడబడతాయి. కొత్తవాళ్లు పట్టించుకోని అంశం ఇంకొకటి ఉంది. లోపల ఏదైనా సర్వర్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయితే, దాని స్క్రిప్టు ఆ సర్వర్‌ను అప్పటికప్పుడు నడిపించబోతుంది. నెట్‌వర్క్ బయటిదీ లోపలిదీ ఒక్కటే గనుక ఆ సర్వర్ బయటి కంప్యూటర్ పోర్టునే పట్టుకుంటుంది. దీన్ని ఆపడానికి పాలసీ ఆర్‌సీ డీ అనే చిన్న స్క్రిప్టు పెడతారు. అది చేసేదల్లా 101 అన్న సంఖ్యను తిప్పి పంపడం. సర్వీసు మొదలుపెట్టడానికి అనుమతి లేదని ఆ సంఖ్యకు అర్థం.

ఆ తర్వాత ప్యాకేజీ వివరాల్లో ప్రకటించిన బిల్డ్ ఆధారాలను మాత్రమే లోపల ఇన్‌స్టాల్ చేసి, మామూలు యూజర్‌గా బిల్డ్ నడపాలి. ఏదైనా తక్కువైతే బిల్డ్ అక్కడే ఆగిపోతుంది. ఆగడమే కావాలి. తక్కువైనదాన్ని చేత్తో ఇన్‌స్టాల్ చేసి ముందుకు పోతే ఇంత అమరికా వృథా. వివరాల ఫైలులో దాని పేరు చేర్చి, మళ్లీ మొదటి నుంచి బిల్డ్ చేయాలి.

ఒకే పరిసరాన్ని దాచుకుని వాడుతూ పోతే అదీ ప్రోగ్రామర్ కంప్యూటర్‌లాగే చెత్తతో నిండుతుంది. పీబిల్డర్ అందుకే మూల వ్యవస్థను ఒక చుట్టిన ఫైలుగా దాచి, ప్రతి బిల్డ్‌కూ దాన్ని కొత్తగా విప్పి, పని అవగానే పారేస్తుంది. డెబియన్ బిల్డ్ సర్వర్లు వాడే ఎస్‌బిల్డ్ పద్ధతీ ఇలాంటిదే. చేత్తో అమర్చుకోవడం నేర్చుకోవడానికి మంచిదే. విడుదల చేసే ప్యాకేజీలకు మాత్రం వీటినే వాడాలి.

పరిసరాన్ని చెరిపేటప్పుడు ఏమరుపాటు పనికిరాదు. హోమ్ డైరెక్టరీనో, డెవ్‌నో లోపల బైండ్ మౌంట్ చేసి ఉండగా మొత్తం డైరెక్టరీని రూట్ యూజర్‌గా చెరిపితే, తొలగింపు ఆ మౌంట్ గుండా బయటికి పారి అసలు ఫైళ్లనే తుడిచేస్తుంది. మౌంట్ల జాబితా చూసి, అన్నీ విప్పాకే చెరపాలి.

హద్దులు

సీహెచ్‌రూట్ మార్చేది ఫైళ్ల దారి ఒక్కటే. ప్రాసెస్‌లు, యూజర్ సంఖ్యలు, నెట్‌వర్క్, గడియారం అన్నీ ఉమ్మడివే. లోపల రూట్ యూజర్‌గా నడిచే ప్రోగ్రాము కావాలనుకుంటే బయటికి రాగలదు. బయటి డైరెక్టరీని తెరిచి పట్టుకుని మరోసారి సీహెచ్‌రూట్ పిలిస్తే ఆ గోడ కూలుతుంది. నమ్మకం లేని కోడ్‌కు దీన్ని రక్షణగా ఎంచకూడదు.

ఈ లోటు తీర్చే ప్రయత్నాల్లో 2000లో ఫ్రీబీఎస్‌డీ 4.0తో వచ్చిన జైల్ ఒకటి. లినక్స్‌లో ప్రాసెస్‌లు, యూజర్ సంఖ్యలు, నెట్‌వర్క్ వంటివాటినీ విడదీసే నేమ్‌స్పేస్‌లు ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. 2013 ఫిబ్రవరిలో విడుదలైన 3.8 కెర్నెల్‌తో మామూలు యూజర్ కూడా రూట్ అధికారం లేకుండా విడి పరిసరం సృష్టించుకోగలిగాడు. అదే ఏడాది వచ్చిన డాకర్ ఈ నేమ్‌స్పేస్‌ల మీదే నిలబడింది. ఎస్‌బిల్డ్ కూడా ఇప్పుడు వీటితో పనిచేయగలదు.

ఒకే సోర్స్, ఒకే ఫలితం

ఆధారాలన్నీ ప్రకటించినా, రెండుసార్లు బిల్డ్ చేస్తే ఒకే ఫైలు వస్తుందన్న భరోసా లేదు. తెలుగు ఫాంట్ లోహిత్ తెలుగునే చూడండి. దాని సోర్స్ ఫాంట్‌ఫోర్జ్ అనే ఫాంట్ ఎడిటర్ ఫైలు. బిల్డ్‌లో అది ట్రూటైప్ ఫాంట్‌గా మారుతుంది. ఫాంట్ ఫైలులోని హెడ్ పట్టికలో, తయారైన సమయాన్నీ మార్చిన సమయాన్నీ 1904 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లలో రాయాలి. ఆ సమయాన్ని కంప్యూటర్ గడియారం నుంచి తీసుకుంటే, అక్షరాల ఆకారాలు ఏమాత్రం మారకపోయినా నిన్నటి ఫైలూ ఇవాళ్టి ఫైలూ వేరవుతాయి. సీహెచ్‌రూట్ గడియారాన్ని వేరు చేయదు. డెబియన్‌లో 2013 నుంచి సాగుతున్న పునరుత్పాదక బిల్డ్‌ల కృషి ఇలాంటి తేడాలను వెతికి పట్టుకుంటోంది. ఒకే ప్యాకేజీని రెండుసార్లు, రెండోసారి గడియారం, టైమ్‌జోన్, భాష, హోస్ట్ పేరు మార్చి బిల్డ్ చేసి, ఫలితాలను బైటు బైటుగా పోలుస్తారు. సమయం విషయంలో సోర్స్ డేట్ ఈపాక్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను ప్రమాణంగా పెట్టుకున్నారు. డెబియన్ పనిముట్లు దాని విలువను ప్యాకేజీ చేంజ్‌లాగ్‌లోని చివరి నమోదు తేదీ నుంచి తీసుకుంటాయి. ఫాంట్‌ఫోర్జ్ దాన్ని గౌరవిస్తుంది.