మైసూరు బండి, జీడిమెట్ల బుష్షు

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నియమాలకు ఒక సవరణ తెచ్చింది. మొదటిసారి రిజిస్టరై 50 ఏళ్ళు దాటిన బైకుల్నీ కార్లనీ 'వింటేజ్' వాహనాలుగా గుర్తించే సవరణ అది. నంబరు ప్లేటు మీద 'వీఏ' అన్న అక్షరాలుంటాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, 10 ఏళ్ళ చెల్లుబాటు. షరతు ఒకటుంది: బండి అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్‌కి గానీ బాడీకి గానీ ఇంజనుకి గానీ చెప్పుకోదగ్గ మార్పులు జరిగి ఉండకూడదు.

చదివితే న్యాయంగానే ఉంది. కానీ మన రోడ్ల మీద తిరిగిన పాత బళ్ళకి ఆ 'అసలు రూపం' ఎప్పుడుండేదని వెతకబోతే కథ ఎటో పోతుంది.

జావా సంగతే చూడండి. ఆ పేరే రెండు ముక్కలు కలిపి బిగించింది. 1929లో చెక్ పారిశ్రామికుడు ఫ్రాంటిషెక్ యానెచెక్, జర్మన్ కంపెనీ వాండరర్ నుంచి ఒక మోటార్‌సైకిల్ తయారీ హక్కులు కొన్నాడు. తన పేరులోంచి రెండక్షరాలు, వాళ్ళ పేరులోంచి రెండక్షరాలు తీసి అతికించాడు. చెక్కులు 'యావా' అంటారు, మనకి జావా అయింది. యాభైల్లో ఆ బళ్ళు బొంబాయి ఓడరేవులో దిగేవి. విదేశీ మారకం కరువై దిగుమతులు బిగుసుకున్నాక, వాటిని తెప్పిస్తున్న ఇరానీ కుటుంబం మైసూరు మహారాజా జయచామరాజ వడయార్ అండతో అక్కడే ఫ్యాక్టరీ పెట్టింది. అదే ఐడియల్ జావా. 1961 నుంచి బళ్ళు బయటికొచ్చాయి. మొదట్లో చాలా భాగాలు చెకొస్లొవేకియావి, పోనుపోను మైసూరువి. డెబ్భైల్లో ట్యాంకు మీద పేరు యెజ్డీగా మారింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది.

బుల్లెట్టుది కూడా ఇదే దారి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైనప్పుడు అక్కడ జరిగింది ఇంగ్లండు నుంచి పెట్టెల్లో వచ్చిన భాగాల్ని బిగించడమే. అవన్నీ దూరపు ఊళ్ళు అంటారేమో, మన ఆల్విన్ పుష్పక్ స్కూటరు ఉంది కదా. పేరు పురాణాల్లోది, బ్రాండు హైదరాబాదుది, ఇంజను లక్నోలోని స్కూటర్స్ ఇండియాది. ఆ లక్నో ఫ్యాక్టరీ యంత్రాలేమో ఇటలీలో లాంబ్రెట్టా చేసిన ఇన్నోసెంటి నుంచి కొన్నవి. ఇప్పుడు చెప్పండి, పుష్పక్ 'ఒరిజినల్' ఏ ఊరిది?

లైసెన్సు రాజ్యంలో ఇక్కడ పుట్టిన బళ్ళు మొదటి రోజు నుంచే విడిభాగాల కూర్పులు. అందుకే విడిభాగాలు పోగేసి పాత బండిని మళ్ళీ నిలబెట్టడం నాకు చరిత్రకి ఎదురీదినట్టు అనిపించదు. ఆ బండి ఈ దేశానికి వచ్చిన తీరే అది. (థీసియస్ ఓడ కథ ఇక్కడ గుర్తొస్తుందని తెలుసు. అది తత్వవేత్తల ఓడ, దానికి ఆర్‌సీ బుక్కు లేదు.)

కండ్లకోయ దగ్గర, ఔటర్ రింగు రోడ్డు దిగి కాస్త లోపలికెళితే ఒక రేకుల షెడ్డుంది. అందులో నేనూ నా మిత్రుడూ శని, ఆదివారాలు ఒక జావా 250 మీద పనిచేస్తున్నాం. 1971లో రిజిస్టరైన బండి. మా చేతికొచ్చేటప్పటికి అది ఒక ఫ్రేమూ, ఒక ట్యాంకూ, మూడు గోనె సంచులూ. వారమంతా లాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్ళకి ఇదో సరదా అనుకోవచ్చు, కొంత నిజమే. కానీ సంచులు విప్పి చూస్తే నాకు పనికంటే ముందు చదువు దొరికింది.

సిలిండరు సంగతి చెప్తాను. జావా 250 బోరు 65 మిల్లీమీటర్లు, స్ట్రోకు 75. అంటే దాదాపు 249 సీసీ. పిస్టన్ తిరిగీ తిరిగీ గోడలు అరుగుతాయి. అప్పుడు బోరింగు షాపులో సిలిండర్ని ఓ పావు మిల్లీమీటరు పెద్దది చేసి, ఆ సైజు పిస్టన్ వేస్తారు. మళ్ళీ అరిగితే మళ్ళీ పావు. మా సిలిండరు కొలిస్తే సరిగ్గా 66 వచ్చింది. పావు చొప్పున లెక్కేస్తే ఈ బండి నాలుగుసార్లు బోరింగుకి వెళ్ళొచ్చింది. నాలుగుసార్లు ఎవరో దీన్ని పారేయకుండా డబ్బులు కూడబెట్టుకుని బాగుచేయించుకున్నారు. లెక్క ప్రకారం ఇప్పుడిది 256 సీసీ పైచిలుకు. ఆర్‌సీ బుక్కులో మాత్రం పాత అంకే. దీన్ని మార్పు అనాలా, బతుకు అనాలా? నియమం రాసినవాళ్ళు ఈ పావు మిల్లీమీటర్ల గురించి ఆలోచించి ఉండరు.

ఇక దొరకని భాగాల వేట. రాణిగంజ్ దుకాణాలు, ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మేరాత్ బజార్, అక్కడా లేకపోతే ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచి కొరియరు. గేరు రాడ్డు ఒకటి సంతలోనే దొరికింది. జావాలో గేరు రాడ్డూ కిక్కు రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, వెనక్కి దించితే గేరు. వేరే బండి నడిపినవాడికి ఇది ఇచ్చి స్టార్ట్ చేయమంటే రాడ్డు కోసం రెండో పక్క వెతుకుతాడు.

కనెక్టింగ్ రాడ్డు పైచివర ఉండే చిన్న బుష్షు మాత్రం సరైనది ఎక్కడా దొరకలేదు. దాన్ని పట్టుకుని సుచిత్ర మీదుగా జీడిమెట్ల వెళ్ళాం. లేత్ మిషన్ దగ్గరున్న పెద్దాయన దాన్ని వెలుగులో తిప్పి చూసి, "ఒరిజినల్ గావాలంటే మైసూరు బోవాలె సార్, ఆడ గూడ దొరకదు. నడవాలంటే ఈడ చేస్తా" అన్నాడు. గన్‌మెటల్ కడ్డీ కోసి, కొలిచి, మళ్ళీ కొలిచి, అరగంటలో చేతిలో పెట్టాడు.

ఆ అరగంట వెనక చాలా ఏళ్ళున్నాయి. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్, అరవైల్లో నర్సాపూర్ రోడ్డు మీద హెచ్‌ఎంటీ, 1968లో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్. ఉత్తర హైదరాబాదు టర్నర్లకీ ఫిట్టర్లకీ బడి ఇదే. పెద్ద ఫ్యాక్టరీలు తొంభైల నుంచి ఒక్కొక్కటే చిక్కిపోయినా, వాటి చుట్టూ పెరిగిన చేతిపని బాలానగర్, జీడిమెట్ల సందుల్లో చిన్న చిన్న షెడ్లుగా మిగిలింది. ఇప్పుడు ఆ షెడ్లలో కుర్రాళ్ళు కనబడటం తక్కువ. మా బండిలో ఉన్నది మైసూరు బుష్షు కాదు, చెక్ బుష్షు కాదు. ఆ సందుల బుష్షు.

సాహిత్యం చదివేవాళ్ళకి ఈ చిక్కు కొత్తదేం కాదు. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చువేయడానికి ముందు ఎన్నో ప్రతులు పోగేసి, పండితుల చేత ఒకదానితో ఒకటి సరిపోల్పించాడు. ప్రతి లేఖకుడూ ఎక్కడో ఒక మాట మార్చే ఉంటాడు. మంచి పరిష్కర్త పాఠాంతరాన్ని అరగదీసి పారేయడు, కింద చూపిస్తాడు. కట్టడాల పరిరక్షణ మీద 1964 నాటి వెనిస్ చార్టర్ కూడా, కొత్తగా పెట్టిన ముక్క పాతదాంట్లో ఒదగాలి, కానీ కొత్తదని తెలియాలి అంటుంది. మన రెస్టొరేషన్ షాపుల్లో జరిగేది దీనికి తలకిందులు. ఫ్రేముని ఇసకతో గీకించి, దళసరిగా పౌడర్ కోటింగ్ వేసి, కనబడే ప్రతిదానికీ క్రోమ్ పూయిస్తారు. పాత వెల్డింగు మచ్చలన్నీ మాయం. ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటుంది. నాకైతే అలాంటి జావాలో చదవడానికి ఒక్క అక్షరం మిగల్లేదనిపిస్తుంది. నా మిత్రుడు దీనికి ఒప్పుకోడు. తుప్పుకి చరిత్ర అని పేరు పెడితే తుప్పు ఆగదంటాడు, అదీ నిజమే. కాబట్టి ట్యాంకు లోపల శుభ్రం చేయించాం, బయటి సొట్ట అలాగే ఉంచాం. ఫ్రేముకి ఎప్పుడో వేసిన అతుకు గట్టిగా ఉందో లేదో చూపించి, పైన పల్చగా మెరూన్ రంగు వేశాం.

'వీఏ' నంబరుకి వెళ్ళకూడదని మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాం. ఆ నంబరుతో బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, పరిశోధనకో, పెట్రోలుకో రిపేరుకో తీసుకెళ్ళొచ్చు గానీ రోజూ తిరగడానికి వీల్లేదు. మేడ్చల్ దాకా చాయ్ తాగడానికి పోలేని మోటార్‌సైకిల్ మాకెందుకు? మామూలు రిజిస్ట్రేషన్నే ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకుంటాం. ఇన్‌స్పెక్షన్‌లో చాసిస్ నంబరూ ఇంజను నంబరూ కాగితంతో సరిచూస్తారు. మావి రెండూ సరిపోతాయి. నాలుగు బోరింగులకీ జీడిమెట్ల బుష్షుకీ ఆ ఫారంలో గడి లేదు. అందుకని ఒక చిన్న నోటుబుక్కు పెట్టాం. ఏ భాగం ఎక్కడ దొరికింది, ఏది ఎవరి చేతిలో తయారైంది, కొలతెంత, తారీఖేమిటి, అన్నీ రాసి ప్లాస్టిక్ కవర్లో చుట్టి బండి టూల్‌బాక్సులో పెట్టాం. క్లచ్ ప్లేట్లకి ఎదురుగా ఉన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది.