డెబ్బై అయిదు దాకా లెక్కపెట్టు

మేడ మీద పక్కలు వేసేశారు. వచ్చి పడుకో.

2002, జూన్ మొదటి వారం. చందానగర్. నీకు పదకొండేళ్లు. సాయంత్రం అమ్మ రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించినా శ్లాబు సెగ చాప దాటి వీపుకు తగులుతోంది. మే నెల వడగాడ్పులకే రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పోయారు. అందుకే వీధిలో ఏ మేడ చూసినా మనుషులే. బొంబాయి రోడ్డు మీద లారీల మోత, లింగంపల్లి వైపు రైలు కూత, పక్కమేడ మీద చంటిపిల్ల ఏడుపు. ఎప్పటిలాంటి వేసవి రాత్రే. నీకే నిద్ర పట్టడం లేదు.

దిండు కింద చెయ్యి పెట్టు. బడి అట్లాసు తగులుతుంది. పేజీల మధ్య అమ్మ కుట్టుపెట్టెలోంచి తీసిన ఎర్ర దారం ఉంది.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే నువ్వు చేసిన పని అది. పోయిన నెల 25న పాకిస్తాన్ ఘౌరీ క్షిపణిని పరీక్షించిందని, అది 1500 కిలోమీటర్లు వెళ్తుందని చెప్పుకుంటున్నారని పేపర్లో చదివావు. మ్యాపు అడుగున ఉన్న స్కేలు చూసి 1500కి దారం కత్తిరించావు. ఒక కొస కరాచీ మీద బొటనవేలితో నొక్కిపట్టి రెండో కొస కిందికి లాగావు. గుజరాత్ దాటింది. మహారాష్ట్ర దాటింది. హైదరాబాద్ మీదికి వచ్చాక కూడా దారం మిగిలింది. పావు అంగుళం కూడా ఉండదు. కానీ మిగిలింది.

అప్పుడే కరాచీకి కాస్త పైన, సింధు నది పక్కన ఇంకో పేరు కనబడింది. హైదరాబాద్. దగ్గరికి పెట్టుకుని మళ్లీ చదివావు. ఆ ఊరికీ మన ఊరికీ మధ్య కొలిస్తే 1400కి కాస్త తక్కువే వచ్చింది. మన అగ్ని-2 రెండు వేల కిలోమీటర్లు వెళ్తుందని నీకు తెలుసు. 1999 ఏప్రిల్‌లో దాన్ని పరీక్షించినప్పుడు ఇంట్లో అందరూ గొప్పగా చెప్పుకున్నారు. అంటే మనం వేసినా అక్కడిదాకా పోతుంది, వాళ్లు వేసినా ఇక్కడిదాకా వస్తుంది. అక్కడా ఈపాటికి పిల్లలు మేడల మీద పడుకునే ఉంటారు. ఈ మాట ఎవరికైనా చెబుదామనుకున్నావు. ఎవరికి చెప్పాలో తెలియలేదు.

అసలు పరిస్థితి ఇక్కడిదాకా ఎందుకొచ్చింది? టీవీ ముందు అన్నం తింటూ నువ్వు ఏరుకున్న ముక్కలు ఇవి. కిందటి డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి. అప్పటినుంచి సరిహద్దుకు రెండు వైపులా లక్షల సైన్యం. మే 14న జమ్మూ దగ్గర కాలూచక్‌లో సైనికుల క్వార్టర్లలోకి చొరబడి ఆడవాళ్లనీ పిల్లల్నీ చంపారు. ఆ రాత్రి అమ్మ టీవీ కట్టేసింది. వారం తర్వాత వాజ్‌పేయి కుప్వారా వెళ్లి, అమీతుమీ తేల్చుకునే పోరాటానికి సిద్ధంగా ఉండమని జవాన్లకు చెప్పారు. అణుయుద్ధమే వస్తే కోటీ ఇరవై లక్షల మంది దాకా వెంటనే చనిపోవచ్చని అమెరికా వాళ్ల అంచనా ఒకటి పేపర్లో వచ్చింది. నాన్న ఆ పేజీ మడిచి పరుపు కింద పెట్టారు. నువ్వు తీసి చదివావు. పెద్దవాళ్లు దాచిన పేజీ పిల్లలకు దొరకని ఇల్లు ఉంటుందా?

నిన్న హైటెక్ సిటీ నుంచి మావయ్య వచ్చాడు. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు. "మొన్న 31న అమెరికా గవర్నమెంటు ఇండియాలో ఉన్న తమవాళ్లను వెనక్కి వచ్చేయమంది బావా. రావాల్సిన క్లయింట్లు కూడా ఆగిపోయారు." నాన్న నీ వైపు చూసి, "తర్వాత మాట్లాడదాం" అన్నారు. వాళ్లు వెళ్లిపోతున్నారంటే వాళ్లకేదో తెలుసు. మరి మనం ఎక్కడికి వెళ్లాలి?

ఇవాళ సాయంత్రం క్రికెట్ మధ్యలో ఆగిపోయింది. బ్యాటు నేలకు ఆనించి ఎదురింటి పిల్లవాడు తేల్చేశాడు. "ముందుగాల మన మీదనే ఏస్తరు. మిసైల్ మనకాడనే చేస్తరు కదా, కంచన్‌బాగ్ల." ఇంకొకడు ఒప్పుకోలేదు. వాళ్ల బాబాయిది మౌలాలీ. అణు రియాక్టర్లకు ఇంధనం చేసే ఎన్‌ఎఫ్‌సీ అక్కడే ఉంది, కాబట్టి ముందు అక్కడే. మూడోవాడిది బీహెచ్‌ఈఎల్ క్వార్టర్స్. మేమెందుకు తక్కువ అన్నట్టు వాడూ దిగాడు. ఎవరి పేట గొప్ప వాళ్లది. వాదిస్తున్నంతసేపూ ఎవరికీ భయం లేదు. ఇళ్లకు పోయే టైముకు మాత్రం ఒక్కడూ ఒంటరిగా వెళ్లలేదు.

"ఇంకా పడుకోలేదా నాన్నా?" అమ్మమ్మ పక్కకు తిరిగింది. ఆవిడది విశాఖపట్నం. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు సముద్రం ఒడ్డున ఎలా గడిపారో చెబుతుంది. కిటికీ అద్దాలకు కాగితాలు అంటించుకోవడం, గుడ్డిదీపం, బీడీ కూడా బయట వెలిగించొద్దని కేకలు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద చప్పుడు, కిటికీలు గడగడలాడాయి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన రేవు ముందే మునిగిందని తర్వాత తెలిసింది. ఆ వెంటనే అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కథ. 1979 జూలైలో అది నెత్తిన పడుతుందని ఊళ్లలో కోళ్లూ మేకలూ కోసుకు తినేశారు. తీరా చూస్తే ఆస్ట్రేలియాలో పడింది. "ఇదీ అంతే. పడుకో."

నువ్వు పడుకోవు. స్కైలాబ్‌ను మన మీదికి గురిపెట్టిన వాళ్లెవరూ లేరు. అది అమ్మమ్మకు ఎందుకు తట్టలేదు?

కరెంటు పోయింది.

మన ఇల్లు ఒక్కటే కాదు. వీధంతా. రోడ్డు పక్క దుకాణాలు. బీహెచ్‌ఈఎల్ వైపు రోజూ కనబడే వెలుగు. అన్నీ ఒక్కసారే.

అమ్మమ్మ చెప్పిన చీకటి ఇదేనా?

గాలి ఆగింది. చంటిపిల్ల ఏడుపు ఆగింది.

తూర్పున ఆకాశం తెల్లబడింది.

చూడకు! కళ్లు మూసుకో. వెలుగు ముందు. చప్పుడు తర్వాత. సైన్సు పాఠం గుర్తు తెచ్చుకో. చప్పుడు కిలోమీటరు రావాలంటే మూడు సెకన్లు. కంచన్‌బాగ్ పాతిక కిలోమీటర్లు. మౌలాలీ కూడా అంతే. మూడు పాతికలు డెబ్బై అయిదు. డెబ్బై అయిదు దాకా లెక్కపెట్టు. అంతకుముందే వినబడితే ఉరుమే.

ఒకటి. రెండు. మూడు.

అమ్మను లేపాలా? లేపితే, ఏమీ కాకపోతే? లేపకపోతే, అయితే?

పన్నెండు. పదమూడు.

మెట్లు అటు చివర. నీళ్ల ట్యాంకు ఇటు, దగ్గర. దాని కింద ఇద్దరు పడతారు. ఇద్దరే.

ఇరవై.

తమ్ముడి చెయ్యి దొరికింది. లాగు. బరువు. లేవడు. ఇంకా లాగు. ట్యాంకు కింద సిమెంటు చల్లగా ఉంది. వాడి తల నీ పొట్టకు ఆనించుకో. చెవులు మూయి. వాడివి. నీవి కాదు, నువ్వు వినాలి.

ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. ఇంకా రాలేదు.

నలభై నాలుగు.

వచ్చింది. దూరంగా, బరువుగా, దొర్లుతూ.

నలభై నాలుగును మూడుతో భాగించు. పదిహేను కిలోమీటర్లు. డెబ్బై అయిదు కాలేదు, కాబట్టి ఉరుమే. ఉరుమేనా? పదిహేను కిలోమీటర్లలో ఏముంది?

బేగంపేట. విమానాశ్రయం. సాయంత్రం ఎవరూ దాని పేరు ఎత్తలేదు.

ఊపిరి ఆడడం లేదు. చెయ్యి తడుముకో. కాలిందా? లేదు. తమ్ముడు? ఊపిరి తీస్తున్నాడు. మళ్లీ వెలుగు. ఈసారి కళ్లు తెరిచే ఉన్నాయి. కొమ్మలు కొమ్మలుగా చీలిన మెరుపు, దాని కింద మబ్బు. మట్టివాసన. మోకాలి మీద చినుకు.

"వాన! వాన! పక్కలు తీయండి!" మేడలన్నీ ఒక్కసారి లేచాయి. చాపలు చుడుతున్నారు, దిండ్లు విసురుతున్నారు, ఎవరో ఈల వేశారు. నాన్న టార్చి నీ ముఖం మీద పడింది. "ఇక్కడేం చేస్తున్నారు ఇద్దరూ?"

"ఏం లేదు."

ఆయన తర్వాత కూడా అడగలేదు. అడిగి ఉండాల్సింది.

జూలై 25న, కంచన్‌బాగ్ ప్రయోగశాలలో క్షిపణులు చేయించిన అబ్దుల్ కలాం రాష్ట్రపతి అయ్యారు. అక్టోబరు 16న సరిహద్దు నుంచి సైన్యాన్ని వెనక్కి పిలవాలని ప్రభుత్వం నిర్ణయించింది. బడి, పరీక్షలు, ఎంసెట్, ఉద్యోగం. హైటెక్ సిటీ వెడల్పయి చందానగర్ దాకా వచ్చేసింది.

2025, మే 7. నువ్వు అదే చందానగర్‌లో, అపార్టుమెంటు ఏడో అంతస్తులో ఉన్నావు. అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ మీద మన సైన్యం దాడులు, ఆపరేషన్ సిందూర్. సాయంత్రం 4 గంటలకు మాక్ డ్రిల్: సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలీ ఎన్‌ఎఫ్‌సీ. మీ పేటలో సైరన్ మోగలేదు. కానీ ఫోన్లో మోగింది. మీ అమ్మాయి ఆ వీడియో మళ్లీ మళ్లీ చూస్తోంది. తల ఎత్తకుండా అడుగుతుంది. "మన మీద వేస్తారా నాన్నా?"

నాలుక చివరికి ఏం వస్తోందో నాకు తెలుసు. ఇదీ అంతే, పడుకో. ఆ మాట అనకు. ఫోన్ తీసి పక్కన పెట్టు, పిల్ల పక్కన కూర్చో, తెలిసింది తెలిసినట్టు చెప్పు. వేసే అవకాశం తక్కువే, కానీ అసలు లేదని చెప్పలేమని చెప్పు. వెలుగు కనబడితే అటు చూడొద్దని, కిటికీకి దూరంగా నేల మీద బోర్లా పడుకోవాలని చెప్పు. ఆ తర్వాత బయటికి పరుగెత్తకూడదు, అద్దాలు లేని లోపలి గదిలో కనీసం ఒక రోజు ఉండాలి. దుమ్ముతో వచ్చే రేడియేషన్ ఏడు గంటలకు పదో వంతుకు, రెండు రోజులకు నూరో వంతుకు తగ్గుతుంది. మీ ఇంట్లో ఆ గది ఏదో ఇద్దరూ కలిసి వెతకండి. నీళ్ల క్యాన్లు ఎక్కడ పెట్టాలో తననే చెప్పనియ్.

క్రికెట్ ఆపి నీ నేస్తాలు వాదించుకున్న రోజున ఎవరూ చెప్పని సంగతి కూడా ఒకటుంది, అదీ చెప్పు. ఒకరి అణుకేంద్రాల మీద ఒకరు దాడి చెయ్యకూడదని రెండు దేశాలూ 1988 డిసెంబరు 31న ఒప్పందం రాసుకున్నాయి. ఆ కేంద్రాల జాబితాను 1992 నుంచి ఏటా జనవరి 1న మార్చుకుంటున్నాయి. కార్గిల్ యుద్ధం తర్వాతా మార్చుకున్నాయి. నువ్వు దారంతో కొలిచిన 2002లోనూ మార్చుకున్నాయి. 2025 జనవరి 1న కూడా.