తేడా ఎవరు కట్టాలి?

అవతలి కంపెనీ ఎంత కోట్ చేసిందో ముందే తెలిస్తే ఎంత బావుణ్ణు అనుకోని సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటు ఉండడు. నేనైతే ఎన్నిసార్లు అనుకున్నానో. భారత ప్రభుత్వం మన ఓడల కంపెనీలకి దాదాపు ఆ సదుపాయం ఎప్పుడో ఇచ్చేసింది. ప్రభుత్వ సంస్థలు సరుకు తెప్పించుకోవడానికి టెండరు పిలుస్తాయి. విదేశీ ఓడ అందరికన్నా తక్కువ రేటు చెప్పిందనుకోండి. "అదే రేటుకి మేం మోస్తాం" అని మన జెండా ఉన్న ఓడవాళ్ళు ముందుకొస్తే పని వాళ్ళకే.

వినడానికి బాగానే ఉంది. ఆ రేటు మనవాడికి గిట్టకపోతే? 2021 జులైలో కేంద్రం దీనికోసం ఐదేళ్ళకి 1,624 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మనవాడు మొదట చెప్పిన రేటుకీ, విదేశీ రేటుకీ మధ్య ఉన్న తేడా ప్రభుత్వం ఇస్తుంది. అయితే విదేశీ రేటులో 15 శాతానికి మించకూడదు, కాస్త పాత ఓడలయితే 10 శాతం.

ఇది చదవగానే నాకు విశాఖపట్నం గుర్తొచ్చింది.

1948 మార్చి 14న నెహ్రూ విశాఖలో 'జల ఉష' అనే ఓడని నీళ్ళలోకి దింపారు. 8,000 టన్నుల ఆవిరి ఓడ. స్వతంత్రం వచ్చి అప్పటికి ఏడు నెలలు. కట్టింది వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ. ఆ షిప్‌యార్డుకి 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేస్తే, ఏడాది తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అన్నీ దాటుకుని ఓడ అయితే తయారయింది. చిక్కల్లా ధరతోనే. అదే ఓడ బ్రిటన్‌లో కొంటే చవక. మరి విశాఖ ఓడ ఎవడు కొంటాడు? ప్రభుత్వం కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, కొనేవాడు బ్రిటన్ ధరే కడతాడు, ఆపైన అయిన ఖర్చు ఖజానా భరిస్తుంది. పేరు మారింది గానీ 2021 లెక్క కూడా ఇదేగా!

"జనం డబ్బు కంపెనీలకి ధారపోయడం ఎందుకండీ, చవగ్గా మోసేవాణ్ణే మొయ్యనివ్వచ్చుగా" అని మా స్నేహితుడొకాయన నాతో వాదన పెట్టుకున్నాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. కానీ ఆ చవక ఎలా వచ్చిందో కూడా చూడాలి.

మా తాతగారి అన్నగారు కాకినాడలో ఓడెక్కి రంగం వెళ్ళారట (రంగూన్‌ని మావైపు అలాగే అనేవారు). ఆ రోజుల్లో మన తీరం నుంచి రంగం వెళ్ళే జనానికి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలే దిక్కు. ఆ కంపెనీకి పోటీగా 1906లో తూత్తుకుడిలో చిదంబరం పిళ్ళై స్వదేశీ ఓడల కంపెనీ పెట్టారు. ఇంకేం, కొలంబోకి టిక్కెట్టు ధర పడిపోయింది. చివరికి ఊరికే ఎక్కించుకుని పైగా గొడుగు కూడా ఇస్తామన్నారని చెబుతారు. 1908లో పిళ్ళైగారు జైలుకెళ్ళారు, కొన్నాళ్ళకి కంపెనీ మూతపడింది. పోటీ పోయాక గొడుగులు ఎవరిస్తారు!

1919లో సింధియావాళ్ళ 'లాయల్టీ' ఓడ బొంబాయి నుంచి లండన్ బయల్దేరినప్పుడూ ఇదే రేట్ల యుద్ధం. 1928లో హాజీ గారు తీరప్రాంత రవాణా భారతీయ ఓడలకే కేటాయించాలని కేంద్ర శాసనసభలో బిల్లు పెడితే అది చట్టం కాలేదు. వివక్ష అన్నారు. 1651 నుంచి 1849 దాకా నావిగేషన్ చట్టాలతో తమ ఓడల్ని కాపాడుకున్న దేశం ఆ మాట అనడం చూస్తే నవ్వొస్తుంది. అంతటితో ఆగలేదు. 1935 ఇండియా చట్టంలో ఏకంగా ఒక సెక్షనే పెట్టారు, బ్రిటన్‌లో రిజిస్టరయిన ఓడల్ని పక్కనపెట్టి భారతీయ ఓడలకి మేలు చేసే ఏర్పాటు కుదరదని.

అందుకే 1947లో సి.పి. రామస్వామి అయ్యర్ కమిటీ తీరప్రాంత రవాణా నూటికి నూరు శాతం, దూరదేశాల వ్యాపారంలో సగం మన ఓడలకే దక్కాలని లక్ష్యం పెట్టుకుంది. మొదటిది చాలావరకు సాధించారు. రెండోదే కుదర్లేదు. 1980ల చివర మన విదేశీ సరుకులో 40 శాతం దాకా మన ఓడలు మోసేవి. తర్వాత వ్యాపారం ఎన్నో రెట్లు పెరిగింది, ఓడలు అంత పెరగలేదు. ఆ వాటా పది శాతం లోపుకి వచ్చేసింది.

2004లో వచ్చిన టన్నేజి పన్ను నాకు వీటన్నిటికన్నా తెలివైన పనిగా కనిపిస్తుంది. అసలు లాభం ఎంతో అడగరు, ఓడ పరిమాణాన్ని బట్టి ఆదాయం ఇంత అని లెక్క కట్టేస్తారు. అప్పటి రేట్ల ప్రకారం 10,000 టన్నుల ఓడకి రోజుకి 3,610 రూపాయలు, అంటే ఏడాదికి 13 లక్షల పైచిల్లర. పన్ను దాని మీదే (తర్వాత ఈ రేట్లు పెంచారులెండి). నెదర్లాండ్స్ 1996లో, బ్రిటన్ 2000లో ఇలాంటివే పెట్టాయి. దీంట్లో నాకు నచ్చింది షరతులు. లాభంలో 20 శాతం పక్కన పెట్టాలి, ఎనిమిదేళ్ళలోపు దాంతో ఓడ కొనాలి. కుర్రాళ్ళకి ఓడ మీద శిక్షణ ఇవ్వాలి.

ఆ కుర్రాళ్ళలో చాలామంది తర్వాత విదేశీ జెండా ఓడల్లో పనికి వెళ్ళిపోతారు, అక్కడ జీతాలు ఎక్కువ. తప్పనడానికి నాకు నోరెక్కడిది?