కృపచేత మనకు లభించిన వాక్యము

అనుదిన వేదపఠనములో ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయమునకు వచ్చినప్పుడెల్లను మనము ఆగి ఆలోచింపవలెను. రక్షణ మన క్రియలవలన గాక, కృపచేత, విశ్వాసము ద్వారా కలుగునని పౌలు అక్కడ బోధించుచున్నాడు.

మన తెలుగు బైబిలు చరిత్రయు ఇదే చెప్పుచున్నది. 1805లో లండన్ మిషనువారైన క్రాన్, డెస్‌గ్రాంజస్ దొరలు విశాఖపట్టణము చేరి తెలుగు నేర్చిరి. తర్జుమాలో ఆనందరాయరు తోడ్పడెను. 1809లో క్రాన్, 1810లో డెస్‌గ్రాంజస్ ప్రభువునందు నిద్రించిరి. మొదటి మూడు సువార్తలు శ్రీరాంపూరులో అచ్చయినది 1812లో! విత్తినవారు పంటను చూడలేదు. అయినను విశ్వాసముతో విత్తిరి.

మనము కష్టపడకయే ఆ పంటను అనుభవించుచున్నాము. కాబట్టి ఉదయమున చదువుకొను అధ్యాయమును మన పుణ్యకార్యముగా లెక్కింపక, ఉచితముగా పొందిన కృపగా ఎంచి, చదువురాని పొరుగువారికిని చదివి వినిపింతము. దేవునికే మహిమ కలుగును గాక.