షేరు ఎక్కడ పుట్టింది?

ప్రభుత్వం జోక్యం లేని స్వేచ్ఛా వ్యాపారంలోంచే పెట్టుబడిదారీ విధానం పుట్టిందని కొందరంటారు. అది ఒట్టి దోపిడీ తప్ప మరేమీ కాదని ఇంకొందరి వాదన. షేర్ల బజారు పుట్టుపూర్వోత్తరాలు చూస్తే ఈ రెండు వాదాలకూ చిక్కే.

1602 మార్చి 20న డచ్ ఈస్టిండియా కంపెనీ ఏర్పడింది. తమలో తాము పోటీపడుతున్న వర్తక బృందాలను కలిపి, దానికి సనదు ఇచ్చింది ప్రభుత్వమే. గుడ్‌హోప్ అగ్రానికి తూర్పున 21 ఏళ్లపాటు డచ్చివారిలో మరెవరూ వ్యాపారం చేయకూడదు. కోటలు కట్టడానికి, సైన్యాన్ని పెట్టుకోవడానికి, సంధులు చేసుకోవడానికి కూడా కంపెనీకి అధికారం దఖలుపడింది.

సుమారు 64 లక్షల గిల్డర్ల మూలధనం పోగైంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోనే వెయ్యిమందికి పైగా డబ్బు పెట్టారు. వారిలో పెద్ద షావుకార్లతోపాటు పనిమనుషులూ ఉన్నారు. అంతకుముందు ఓడలు తిరిగిరాగానే లెక్క తేల్చి లాభం పంచుకునేవారు. ఈ కంపెనీ పదేళ్లకు లెక్క చెబుతానంది. గడువు తీరినా అసలు తిరిగివ్వలేదు. డబ్బు అవసరమైతే తన వాటాను మరొకరికి అమ్ముకోవడమే దారి. షేర్ల బజారు అలా ఊపందుకుంది. 1609లో ఐజాక్ లె మేర్ అనే వర్తకుడి ముఠా చేతిలో లేని షేర్లను అమ్మి ధర పడగొట్టింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం అలాంటి అమ్మకాలను నిషేధించింది. షేర్ల బజారుకూ దాని మీద ఆంక్షలకూ వయసులో పెద్ద తేడా లేదు.

ఈ కథలో మచిలీపట్నానికీ చోటుంది. మసాలా దీవులవారికి కోరమాండల్ బట్టలంటే మోజు. మసాలా దినుసులకు మారుగా ఇచ్చే ఆ సరుకు కోసమే డచ్చివారు 17వ శతాబ్దం మొదట్లో ఇక్కడ వర్తకస్థానం పెట్టారు. మన నేతగాళ్ల బట్టకు గిరాకీ పెరిగింది. అదే కంపెనీ 1621లో జాజికాయల గుత్తాధిపత్యం కోసం బందా దీవుల జనాన్ని ఊచకోత కోసింది. మిగిలినవారిలో చాలామందిని బానిసలుగా తరలించింది. చివరకు అప్పుల్లో మునిగి 1799లో మూతపడింది.

చిన్నవాడి పొదుపుకూ పెద్ద వ్యాపారంలో చోటిచ్చిన ఘనత షేరుదే. ఆమ్‌స్టర్‌డామ్‌లో లాభం తీసుకున్నవాడికి బందా నెత్తురు కనబడనివ్వని దూరాన్ని కల్పించిందీ అదే. కాబట్టి ఈ విధానాన్ని పొగిడేవారినైనా తిట్టేవారినైనా అడగాల్సినవి రెండే: సనదు ఎవరిచ్చారు? నష్టం ఎవరు మోశారు?