బడిపంతులు రహీం సాబ్, బంతి పాఠాలు



రాయచూరు, కలబురగి, బీదరు వైపు తెలుగిళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ హైదరాబాదును ‘పట్నం’ అనే అంటారు. ఊరి పేరు చెప్పాల్సిన పనే లేదు. 1956 నవంబరు 1న గీతలు గీసి మనల్ని మైసూరు రాష్ట్రంలో కలిపేదాకా మన రాజధాని అదే కదా! సరిగ్గా నెల రోజులకు, డిసెంబరు 1న, మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. ఆసియా నుంచి అంతదాకా వెళ్లిన మొదటి జట్టు అది. దాన్ని తయారుచేసినాయన మన పాత పట్నంలో ఒక బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం.

నేనూ బడిపంతులునే. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. బి.ఇడి.లో పాఠ్య ప్రణాళిక రాయడం నేర్పారు గానీ, బంతి వెనక పరిగెత్తే ఇరవైమంది పిల్లల్ని ఏం చేయాలో నేర్పలేదు. వ్యాయామ ఉపాధ్యాయుడి పోస్టు ఖాళీగా ఉన్నందున ఆ పని నా మెడకు చుట్టుకుంది. అందుకే ఈ పూట ఈ కథ మీకు చెబుతున్నాను. ఇందులో కొంత రహీం సాబ్ చరిత్ర, కొంత నా తప్పు.

రహీం సాబ్ 1909లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివారు, అక్కడి జట్టులో ఆడారు. తరువాత కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బడుల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత కూడా నెత్తిన వేసుకున్నారు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టూ, దేశం జట్టూ రెండూ ఆయన చేతికి వచ్చాయి. ఆ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఒకసారి గెలిస్తే అదృష్టం అనొచ్చు. ఐదుసార్లంటే దాని వెనక ఒక పద్ధతి ఉండితీరాలి.

ఆ పద్ధతి బడిపంతులు పద్ధతే. వినండి. ఆ రోజుల్లో మన పిల్లలకు, ఆ మాటకొస్తే పెద్దలకు కూడా, బంతి కాలికి తగిలితే వదలబుద్ధి కాదు. ఒకణ్ణి తప్పించి, ఇద్దర్ని తప్పించి, మూడోవాడి దగ్గర పోగొట్టుకునేదాకా పోతారు. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. జట్టు మాత్రం ఓడిపోతుంది. రహీం సాబ్ దీనికి ఉపన్యాసం ఇవ్వలేదు, పోటీ పెట్టారు. బంతిని కాలి దగ్గర ఉంచుకుని తిప్పడం నిషేధం, అందిన వెంటనే తోటివాడికి ఇచ్చేయాలి. ఇదే ఆ పోటీ నియమం. ఇంకొకటి, వాటం లేని కాలితో మాత్రమే తన్నాలి. కుడివాటం వాళ్లందరూ ఎడమకాలితో అవస్థపడుతుంటే ఎవడు పెద్ద, ఎవడు చిన్న? అందరూ ఒకటో తరగతే. మూడోది నాకు మరీ ఇష్టమైనది. పిల్లల పోటీలను ఎత్తును బట్టి పెట్టారు. ఇంత ఎత్తు దాటినవాడు ఇందులో ఆడకూడదు, అంతే. జనన పత్రాలు సరిగా లేని కాలంలో వయసు సంగతి ఎవరికి తెలుసు? గోడమీద గీత మాత్రం అబద్ధం చెప్పదు. పొట్టిపిల్లలకు కూడా తమ ఆట తాము ఆడే చోటు దొరికింది.

ఆయన మాత్రం అన్నీ తెలిసి మొదలుపెట్టారనుకోకండి. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌పై 1-0తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. ఆ చలిలో మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. అవతలివాళ్లు వెనక ముగ్గురిని కాపలా పెట్టే కొత్త పద్ధతిలో ఆడుతుంటే, మనది ఇంకా ఇద్దరితో కాచే పాత ఆట. పది గోళ్లు పడ్డ శిక్షకుణ్ణి మామూలుగా ఇంటికి పంపుతారు. ఈయన మిగిలారు. మిగలడమే కాదు, నేర్చుకున్నారు. బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1953లో ఇంగ్లండును వాళ్ల గడ్డ మీదే 6-3తో ఓడించిన హంగరీ జట్టు ఆట ఎలా నడిచిందో, ముందువరసలోని ఆటగాడు వెనక్కి జరిగి బంతి అందుకుంటే ఎదుటివాళ్లు ఎలా తికమకపడతారో పట్టుకుని, మన పిల్లలకు నప్పేలా మార్చుకున్నారు.

నాలుగేళ్ల తర్వాత మెల్బోర్న్ సెమీఫైనల్‌లో ఎదురుపడింది మళ్లీ ఆ యుగోస్లావియాయే. సగం సమయానికి ఎవరికీ గోలు లేదు. తర్వాత మొదటి గోలు మనదే, నెవిల్ డిసౌజా కొట్టాడు. చివరికి 4-1తో ఓడిపోయాం, మూడోస్థానం పోటీలో బల్గేరియా చేతిలోనూ ఓడి నాలుగో జట్టుగా మిగిలాం. పతకాల లెక్కలో ఇది సున్నాయే. పది గోళ్లనుంచి ఇక్కడిదాకా వచ్చిన దూరం ఏ పట్టికలోనూ కనిపించదు.

ఆ జట్టులో తులసీదాస్ బలరాం అని సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రవాడున్నాడు. పేద ఇల్లు. అంత దూరంనుంచి శిక్షణకు రాలేనని అతనంటే, రహీం సాబ్ అద్దె సైకిలుకు డబ్బులిచ్చి రప్పించారని చెబుతారు. అతనే తర్వాత దేశం గర్వించే ఆటగాడయ్యాడు.

ఇక 1962 జకార్తా. అప్పటికే రహీం సాబ్‌కు కాన్సర్. మొదటి మ్యాచిలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాతి మ్యాచిలో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అతను వెనక కాచే ఆటగాడు. కుట్లతో తలతో బంతిని ఎదుర్కోవడం కష్టమని కూర్చోబెట్టలేదు, ముందువరసకు పంపారు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్లీ కొరియాయే. స్టేడియం నిండా మనకు ఎదురు కేకలు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి కొట్టి 2-1తో గెలిపించారు. 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు. 2024లో ఆయనమీద హిందీలో ‘మైదాన్’ అనే సినిమా వచ్చింది. మా స్టాఫ్ రూములో సగంమందికి ఆ పేరు తెలిసింది అప్పుడే. సిగ్గుపడాల్సిన మాట, నాకూ అంతే.

ఇప్పుడు నా తప్పు. మా బడిలో ఏడో తరగతి పిల్లాడొకడు, పిట్టంత ఉండేవాడు. బంతి వాడి కాలికి అతుక్కునేది. తాలూకా పోటీకి తీసుకెళ్లి, ఎదుటి జట్టు పిల్లల ఎత్తు చూసి భయపడి, ఆట మొత్తం వాణ్ణి గట్టుమీదే కూర్చోబెట్టాను. ఓడిపోయాం. తిరుగుబండిలో వాడు నాతో మాట్లాడలేదు. మర్నాటి నుంచి గ్రౌండుకు రాలేదు. కబురు చేస్తే, “నేను పొట్టి కదా సార్” అని వాళ్ల తమ్ముడితో చెప్పించాడు. ఆ వేసవిలో తల్లిదండ్రులతో కూలిపనికి బెంగుళూరు వెళ్లిపోయాడు.

రహీం సాబ్ ఎత్తు పోటీల గురించి చదివింది ఆ తర్వాత. చదివిన సాయంత్రమే మా బడి వరండా స్తంభంమీద సుద్దముక్కతో గీత గీశాను. దానికింద పట్టే పిల్లలకు మాత్రమే ఆట. మొదటిరోజు నలుగురొచ్చారు, వారం తిరిగేసరికి పద్నాలుగు మంది. నల్లరేగడి గ్రౌండు, వాన పడితే బంతి కదలదు. పొడిగా ఉంటే మోకాళ్లు చెక్కుకుపోతాయి. అయినా వచ్చారు. నేను కూడా మారాను. అంతకుముందు గట్టుమీదనుంచి ఆపకుండా అరిచేవాణ్ణి. ఇప్పుడు ఒక నియమం చెప్పి నోరు మూసుకుంటాను. ఇది నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. పాఠాలు చెప్పేవాడికి నోరు మూసుకోవడం అంత తేలిక కాదు, మీ ఇంట్లో మాస్టర్లుంటే మీకే తెలుస్తుంది.

ఉగాదికి ఊరొచ్చిన ఆ పిల్లాడు ఒక సాయంత్రం గ్రౌండుకు వచ్చి నిలబడ్డాడు. ఏమీ అడగకుండానే స్తంభం దగ్గరకెళ్లి గీతకు వీపు ఆనించాడు. తల రెండు వేళ్లు పైకే ఉంది. వెనక్కి తిరిగి చూసుకుని నవ్వాడు.

“దీంట్లో నేను పట్టను కదా సార్?”

“పట్టవు. ఎడమకాలి పోటీ ఉంది, దాంట్లోకి రా” అన్నాను.

“ఎప్పుడు సార్?”

అప్పటిదాకా అలాంటి పోటీ నేను పెట్టనే లేదు. ఆదివారం అని చెప్పాను. వాళ్ల బండి సోమవారం.

సెలవు.